ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు రాతలో తారుమారు కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటే విషయం ఇది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు బెంగళూరులో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నారు. మీ మెయిళ్లలో 'అఫెక్ట్' ఉండవలసిన చోట 'ఎఫెక్ట్', 'లూజ్' ఉండవలసిన చోట 'లూస్', ఒక 'ప్రిన్సిపల్' ఉండవలసిన చోట ఇంకో 'ప్రిన్సిపల్' పడుతున్నాయని మీ టీమ్ లీడ్ తిప్పి పంపుతున్నారు. ఇలాంటి జంటల జాబితా ఒకటి సంపాదించి బట్టీపట్టారు; పట్టిన తరువాత తికమక తగ్గకపోగా పెరిగింది. ఇంతకన్నా మంచి జాబితా ఏదైనా ఉందా అని అడిగారు.

ముందు ఆ జాబితాను పక్కన పెట్టండి. జంటలు జంటలుగా నేర్చుకోవడమే మీ తికమకకు సగం కారణం. పోలిక గల రెండు మాటలను పక్కపక్కనే పెట్టి ఒకేసారి నేర్చుకుంటే, రెండూ కొత్తవే కాబట్టి, ఏ అర్థం దేనిదో జ్ఞాపకంలో కలగాపులగమవుతుంది. పదాల బోధన మీద పరిశోధన చేసినవారు ఈ హెచ్చరికను చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు. ఒక మాటను తీసుకొని, దాన్ని దాని సొంత వాక్యంలో, దాని బంధువులైన మాటలతో కలిపి స్థిరం చేసుకున్న తరువాతే రెండోదాని జోలికి వెళ్లాలి. అంతకన్నా ముందు తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది. మీరు తారుమారు చేస్తున్న మాటలు ఇంగ్లీషులో నిజంగానే ఒకే ధ్వని గలవా, లేక ఇంగ్లీషువారికి వేరుగా వినబడి మన చెవికి మాత్రమే ఒకటిగా వినబడేవా? మొదటి రకానికి చెవి ఎందుకూ పనికిరాదు. రెండో రకానికి చెవినీ నోటినీ సరిచేసుకుంటే స్పెల్లింగ్ చాలావరకు దానంతటదే దారిలో పడుతుంది.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు, కంపెనీ పత్రాలు దిద్దే పనిలో చాలాకాలంగా ఉన్నాను. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి మెయిళ్లు రాయడం నేర్పడం కూడా నా పనిలో భాగమే. కనుక కింద చెప్పేదంతా తెలుగు మాతృభాషగా గలవారు ఎక్కడ, ఎందుకు తడబడతారో చూసి చెబుతున్నది. స్పెల్లింగ్ అవసరమైన చోట అక్షరాల పేర్లు రాస్తాను. కాగితం మీద రాసుకుంటూ చదివితే సులువుగా ఉంటుంది.

మన చెవికి మాత్రమే ఒకటిగా వినిపించే వాటిలో మీ 'లూజ్' మొదటిది. దీని సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే మిగతావన్నీ దీని దారిలోనే ఉంటాయి. 'వదులు' అనే అర్థం గల మాటను ఇంగ్లీషువారు చివర సకారంతో 'లూస్' అని పలుకుతారు. 'పోగొట్టుకోవడం' అనే అర్థం గల మాటకు చివర వచ్చేది జెడ్ ధ్వని. తెలుగులో ఆ ధ్వనికి వేరే అక్షరం లేదు. 'జోడు' అనేటప్పుడు మనం పలికే దంత్య జకారం దానికి దగ్గరగా వస్తుంది కానీ అదే కాదు. మనమేమో వదులును 'లూజు' చేసేశాం. నట్టు లూజు, ప్యాంటు లూజు, కిరాణా కొట్లో డబ్బా నూనె కాకుండా లూజ్ ఆయిల్, కడుపు చెడితే లూజ్ మోషన్స్. అంటే తెలుగులో స్థిరపడిన ఆ మాటకు ధ్వని ఒకదానిది, అర్థం ఇంకొకదానిది. 'మనం ఈ కస్టమర్‌ను పోగొట్టుకోకూడదు' అని ఇంగ్లీషులో రాయబోయే మనిషికి లోపల 'లూజ్' అని వినబడుతుంది, ఆ ధ్వనికి తెలిసిన రూపం నట్టు లూజుదే కాబట్టి రెండు 'ఓ'లు వచ్చి కూర్చుంటాయి. ఇది తెలివితక్కువతనం కాదు. చెవి తనకు తెలిసిన లెక్క ప్రకారం సరిగ్గానే పనిచేసింది.

దీన్ని సరిచేసుకోవడానికి గొంతు మీద వేలు ఆనించి రెండు మాటలూ పలకండి. వదులు అనే 'లూస్' చివర గొంతులో అదురు ఆగిపోతుంది, గాలి మాత్రమే వస్తుంది. పోగొట్టుకునే 'లూజ్' చివరి దాకా అదురు వేలికి తెలుస్తూనే ఉంటుంది. ఇక రాత విషయానికి వస్తే, పోగొట్టుకునే మాటను దాని బంధువులతో కలిపి ఉంచుకోండి: నష్టం 'లాస్', పోయినది 'లాస్ట్', పోగొట్టుకోవడం 'లూజ్'. మూడింటిలోనూ ఉన్నది ఒక్కటే 'ఓ'. 'ఎంచుకోవడం' అనే 'చూజ్' చివర కూడా జెడ్ ధ్వనే ఉన్నా దానిలో రెండు 'ఓ'లు ఉంటాయి కాబట్టి, ధ్వనిని బట్టి సూత్రం కట్టబోతే బెడిసికొడుతుంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా ఈ మాటను తప్పు రాయడానికి అదొక కారణం. అందుకే బంధువులను నమ్ముకోమంటున్నాను. పక్క సీటులోని కన్నడ సహోద్యోగిని అడిగితే తేలుతుందనుకోకండి, అతని వర్ణమాలలో కూడా ఉన్నది 'జ' ఒక్కటే.

ఇదే చిక్కు 'అడ్వైస్', 'అడ్వైజ్' దగ్గర వస్తుంది. సలహా అనే నామవాచకానికి చివర 'సి, ఇ', సకార ధ్వని. సలహా ఇవ్వడం అనే క్రియకు చివర 'ఎస్, ఇ', జెడ్ ధ్వని. 'ప్లీజ్ అడ్వైజ్' అని మెయిల్ చివర రాసే అలవాటు మన ఆఫీసుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, అక్కడ 'సి' పెట్టి రాసినవి వారానికోసారైనా నా కంటబడతాయి. ఈ జంట నోట్లో స్థిరపడితే ఇంకో లాభం ఉంది. 'ప్రాక్టీస్'లో నామవాచకానికీ క్రియకూ ధ్వని ఒక్కటే, బ్రిటిష్ పద్ధతిలో రాత మాత్రం వేరు. సందేహం వచ్చినప్పుడు ఆ చోట సలహా మాటను పెట్టి చూడండి. 'అడ్వైస్' అతికితే 'సి', 'అడ్వైజ్' అతికితే 'ఎస్'. 'లైసెన్స్' కూడా ఇంతే. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్స్ 'సి'తోనే ఉంటుంది. అయితే మీ క్లయింటు అమెరికావారైతే ఈ లెక్క మారుతుంది: వారు 'ప్రాక్టీస్'ను రెండు సందర్భాల్లోనూ 'సి'తో, 'లైసెన్స్'ను రెండు సందర్భాల్లోనూ 'ఎస్'తో రాస్తారు. మీ టీమ్ లీడ్ దిద్దిన వాటిలో కొన్ని తప్పులు కాకపోవచ్చు, దేశం మారినందువల్ల దిద్దినవి కావచ్చు. ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

'వి', 'డబ్ల్యూ' రెండింటికీ మనకు ఒక్క 'వ' మాత్రమే ఉన్నా, రాతలో దానివల్ల వచ్చే నష్టం తక్కువ.  ఇంకొక మాట. బజారులో దొరికే పుస్తకాలలో 'షిప్'కూ 'షీప్'కూ, 'వెట్'కూ 'వెయిట్'కూ తేడా గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. హ్రస్వ దీర్ఘాలు పుట్టుకతో వచ్చిన తెలుగువారికి ఆ పేజీలతో పనిలేదు, నిశ్చింతగా దాటేయండి.

ఇక నిజంగానే ఒకే ధ్వని గల మాటలు. ఇంగ్లీషులో ఇవి ఇన్ని ఉండడానికి కారణం తెలిస్తే కనీసం కోపమైనా తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో తొలి ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టేనాటికి ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారుతూ ఉంది. సుమారు 1400 నుంచి 1700 దాకా సాగిన ఆ మార్పు ముగిసేలోగా అచ్చు పుస్తకాల వల్ల స్పెల్లింగులు గట్టిపడ్డాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వెలువడేసరికి అవి దాదాపు నేటి రూపంలోనే ఉన్నాయి. కలుసుకోవడం అనే 'మీట్', మాంసం అనే 'మీట్' ఒకప్పుడు వేరువేరు ధ్వనులు. 'ప్రిన్సిపల్' లాంటి లాటిన్ మాటల సంగతి ఇంకోలా జరిగింది: ఒత్తి పలకని చివరి భాగాలు నలిగి ఒకే ధ్వనిగా మిగిలాయి. మన భాషలోనూ ధ్వనులు కలిసిపోయాయి. నది అనే అర్థంలో 'ఏఱు' అని బండి ఱతో, గింజలు ఏరడాన్ని మామూలు రేఫతో పూర్వం రాసేవారు. పలుకుబడిలో తేడా పోయాక మనం కొంతకాలానికి బండి ఱను వదిలేశాం. ఇంగ్లీషువారు ధ్వని పోయినా అక్షరాలను వదలలేదు. కాబట్టి ఈ మాటల దగ్గర ఎంతసేపు పైకి పలికినా ఫలితం ఉండదు. ప్రతి మాటకూ మీకు ఇదివరకే కంటికి అలవాటైన ఒక పదబంధాన్ని పట్టుకొని, దానికి కట్టేయాలి.

మీరు అడిగిన 'ప్రిన్సిపల్' ఇందుకు మంచి ఉదాహరణ. ఇంటి రుణం తీసుకునేవారికి ఒకే వ్యవహారంలో ఈ రెండూ ఎదురవుతాయి. మొదట బ్యాంకు 'ఇన్ ప్రిన్సిపల్' ఆమోదం ఇస్తుంది; తరువాత ప్రతి ఈఎమ్ఐలో 'ప్రిన్సిపల్' ఇంత, వడ్డీ ఇంత అని చూపిస్తుంది. మొదటిది 'పి, ఎల్, ఇ'తో ముగుస్తుంది, రెండోది 'పి, ఏ, ఎల్'తో. తెలుగు పత్రికలు మొదటిదాన్ని 'సూత్రప్రాయంగా ఆమోదం' అంటాయి, రెండోదాన్ని మనం 'అసలు' అంటాం. ఇక్కడే తాళంచెవి దొరికింది. సూత్రం, నియమం అని చెప్పదగిన చోట 'పి, ఎల్, ఇ'. అసలైనది, ప్రధానమైనది, మొదటివాడు అని చెప్పదగిన చోట 'పి, ఏ, ఎల్'. కాలేజీ ప్రిన్సిపల్, మీ కంపెనీలోని ప్రిన్సిపల్ ఇంజనీర్, రుణంలో అసలు అన్నీ రెండో కోవలోనివే. లాటిన్‌లో మొదటివాడు అనే అర్థం గల మాట నుంచి వచ్చినవే. ఇంగ్లీషు పుస్తకాలు 'ప్రిన్సిపల్ మీ పాల్, అంటే స్నేహితుడు, కాబట్టి చివర పి, ఏ, ఎల్' అని గుర్తు చెబుతాయి. ఆ చిట్కా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం తయారైంది. మన కాలేజీ ప్రిన్సిపల్‌ను స్నేహితుడిగా ఊహించుకోవడం మనలో ఎంతమందికి సాధ్యం?

'అఫెక్ట్', 'ఎఫెక్ట్' సంగతి ఇంకా ఆసక్తికరం. ఇంగ్లీషువారు వేగంగా మాట్లాడేటప్పుడు ఈ రెండింటి మొదటి అచ్చూ నలిగిపోయి దాదాపు ఒకటే అవుతుంది. మనకు ఇంకో ఇబ్బంది: తెలుగు మాటల్లో 'అఫెక్ట్' సాధారణంగా వినబడదు. క్రియ కావలసిన చోటా, నామవాచకం కావలసిన చోటా 'ఎఫెక్ట్' అనే అంటాం. అయితే దాని వెనక ఏ తెలుగు క్రియ చేరుస్తున్నామో గమనిస్తే జవాబు అక్కడే ఉంది. 'సర్వర్ ఆగిపోవడం వల్ల యూజర్లు ఎఫెక్ట్ అయ్యారు' అంటాం; 'దాని ఎఫెక్ట్ యూజర్ల మీద పడింది' అంటాం. 'అయ్యారు', 'అయింది', 'చేసింది' చేరితే ఇంగ్లీషులో 'ఏ'తో రాసేది. 'పడింది', 'ఉంది', 'కనిపించింది' చేరితే 'ఇ'తో రాసేది. దీన్ని కొన్నాళ్లు మనసులో అనుకుంటూ రాయండి. కంటికి ఆనవాళ్లు కూడా కావాలంటే, 'ఏ'తో రాసేదానికి ఇంగ్లీషు పత్రికల్లో వరద బాధిత ప్రాంతాలను 'ఫ్లడ్ అఫెక్టెడ్' అనడం ఉంది. 'ఇ'తో రాసేదానికి మందుల 'సైడ్ ఎఫెక్ట్' ఉంది, మన ఆఫీసు ఉత్తర్వులన్నింటిలోనూ తేదీకి ముందు వచ్చే 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' ఉంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 'ఇ'తో రాసే మాట అరుదుగా క్రియగా కూడా వస్తుంది, అప్పుడు దాని అర్థం 'జరిపించు, అమలుచేయు'. బ్యాంకులు 'పేమెంట్ విల్ బి ఎఫెక్టెడ్' అని రాస్తే చెల్లింపు జరుగుతుందని అర్థం. అదే 'ఏ'తో రాస్తే చెల్లింపుకు ఇబ్బంది వస్తుందని అర్థం. కస్టమర్‌కు రాసే మెయిల్‌లో ఈ రెండూ తారుమారైతే ఫోన్లు మోగుతాయి. అందుకని సపోర్ట్ ఉద్యోగంలో ఉన్నవారికి నేను చెప్పేది, ఈ అరుదైన క్రియను అసలు వాడవద్దని. 'మేక్' అనే మాట ఉండగా అంత ప్రయాస ఎందుకు?

తెలుగు మీడియంలో చదవడం మీరు లోపంగా రాశారు, కానీ ఒక చోట అది పనికొస్తుంది. 'కాంప్లిమెంట్' రెండు రకాలు: మధ్యలో 'ఇ' ఉన్నది, 'ఐ' ఉన్నది. లెక్కల్లో మీరు చదివిన పూరక కోణాలు, అంటే కలిపితే 90 డిగ్రీలయ్యేవి, పూరక సమితి, ఇవన్నీ 'ఇ'తో రాసేవి. 'పూర్తి చేసేది' అని అర్థం, 'కంప్లీట్' దీని బంధువు, దానిలో కూడా అదే చోట 'ఇ' ఉంటుంది. 'పూరక' అన్న మాటతో దీన్ని నేర్చుకున్నవారు ఇంగ్లీషు మీడియంవారి కన్నా తక్కువ తడబడటం నేను చూశాను. మెచ్చుకోలు, హోటల్లో గదితోపాటు ఉచితంగా ఇచ్చే 'కాంప్లిమెంటరీ' టిఫిన్, ఇవి 'ఐ'తో రాసేవి.

'స్టేషనరీ' కూడా ఇలాంటిదే. అవెన్యూ రోడ్డులో కొనే కాగితాలు, పెన్నులు 'ఈఆర్‌వై'తో ముగుస్తాయి. కదలకుండా ఆగి ఉన్నది 'ఏఆర్‌వై'తో. మధ్యయుగాల్లో ఊరూరా తిరిగి అమ్మేవారికి భిన్నంగా, విశ్వవిద్యాలయాల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తక వ్యాపారిని 'స్టేషనర్' అన్నారు, అందువల్ల రెండు మాటలకూ మూలం ఒకటే. 'గ్రోసర్' అమ్మేది గ్రోసరీ, 'స్టేషనర్' అమ్మేది స్టేషనరీ. వ్యాపారి పేరు చివరి 'ఈఆర్' సరుకులోనూ నిలిచి ఉంటుంది.

మీ ఉద్యోగంలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది మీరు అడగని ఒక మాట. చాట్‌లో కస్టమర్‌ను కాసేపు ఓపిక పట్టమని 'బేర్ విత్ అస్' అంటారు కదా. అక్కడ కావలసినది 'భరించు' అనే అర్థం గల 'బి, ఇ, ఏ, ఆర్', ఎలుగుబంటికి రాసే స్పెల్లింగే. 'బి, ఏ, ఆర్, ఇ' అంటే నగ్నం, బోసి. రెండోది రాస్తే మీరు కస్టమర్‌ను కోరుతున్నది ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ వాక్యం రోజుకు ఎన్నోసార్లు వాడేదే కనుక, సరిగ్గా రాసినదాన్ని సిద్ధ సమాధానాల్లో భద్రపరచుకోవడం మేలు.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే రెజ్యూమెలో 'లీడ్' చూసుకోండి. 'టీమ్‌ను నడిపించాను' అనే భూతకాలానికి 'ఎల్, ఇ, డి' అని మూడే అక్షరాలు. 'రీడ్' భూతకాలంలో స్పెల్లింగ్ మారకుండా 'రెడ్' అవుతుంది కాబట్టి ఇదీ అంతేనని చాలామంది నాలుగక్షరాలు రాస్తారు. పైగా సీసం అనే లోహం నాలుగక్షరాలతోనే 'లెడ్' అని పలుకుతుంది. రెజ్యూమె వడపోసేవారి కంట త్వరగా పడే తప్పుల్లో ఇదొకటి. ఇంజనీర్లకు 'డిస్క్రీట్' కూడా చెబుతుంటాను: కాలేజీలో చదివిన డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో రెండు 'ఇ'ల మధ్య 'టి' ఉండి వాటిని విడదీస్తుంది, అర్థం కూడా విడివిడిగా ఉన్నదనే, 'ఇ'లు రెండూ కలిసి ఉంటే గుట్టుగా మసలుకోవడం.

'సైట్' మూడు రకాలు. వెబ్‌సైట్, ఆన్‌సైట్, బెంగళూరువాళ్లు ఇంటి స్థలానికి వాడే 'సైటు', అన్నీ చోటుకు సంబంధించినవి కాబట్టి 'ఎస్, ఐ, టి, ఇ'. మన ఊళ్లలో ప్లాటు అనేదాన్ని ఇక్కడ సైటు అనడం మీకు ఈపాటికి అలవాటై ఉంటుంది, అదే ఆనవాలుగా పెట్టుకోండి. చూపుకు మధ్యలో 'జి, హెచ్'. ఉదహరించడానికి మొదట 'సి'. 'ఇట్స్' దగ్గర పైన చుక్క (అపాస్ట్రఫీ) పెట్టాలా వద్దా అన్నదానికి ఒకటే పరీక్ష: 'ఇట్ ఈజ్', 'ఇట్ హ్యాజ్' అని విడదీసి చదివితే అర్థం కుదిరితేనే చుక్క పెట్టాలి. 'దేర్'లలో చోటును సూచించేదానిలో 'హియర్' అక్షరాలు దాగి ఉంటాయి, అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

స్పెల్ చెకర్ ఎందుకు పట్టుకోవడం లేదని మీరు ఆశ్చర్యపోయారు. మీరు రాసిన మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి పాత పద్ధతి చెకర్‌కు అది తప్పుగా కనబడదు. వాక్యాన్ని కూడా చూసే వ్యాకరణ చెకర్లు 'లూజ్' లాంటివి తరచుగా పట్టుకుంటాయి, కానీ పైన చెప్పిన చెల్లింపు వాక్యం లాంటిదాన్ని రెండు విధాలుగానూ ఒప్పుకుంటాయి, ఎందుకంటే వ్యాకరణం రీత్యా రెండూ సరైనవే.

ఆచరణలో ఇలా చేయండి. మెయిల్ పెట్టెలో పంపిన మెయిళ్లు తెరిచి, పైన చెప్పిన మాటల్లో ఒక్కొక్కటి వెతకండి. చాలామంది తప్పులు కొద్ది మాటల చుట్టూనే తిరుగుతాయి. మీవి ఏవో అప్పుడు తేలుతుంది, మిగతావాటి గురించి బెంగ అనవసరం. తేలినవాటిలో మొదట 'లూజ్' తీసుకోండి, ఎందుకంటే అది నోటితో సరిచేసుకోగలిగేది, ఫలితం త్వరగా కనిపిస్తుంది. మీరే రాసిన మెయిల్ వాక్యాన్ని సరిదిద్ది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎదుట వదులు అనే మాటను రాయకండి. వారం పది రోజులు పంపే మెయిళ్లలో అది తప్పకుండా సరిగ్గా పడుతుంటే, అప్పుడు 'అఫెక్ట్'కు వెళ్లండి. 'ప్రిన్సిపల్' ఆఖరున పెట్టుకోవచ్చు. రుణాలు, బ్యాంకింగ్ క్లయింట్లు లేని సపోర్ట్ ఉద్యోగంలో అది ఎదురయ్యేది తక్కువ. మీ క్లయింట్లు ఆ రంగంవారే అయితే వరుస తిరగేసి, దానితోనే మొదలుపెట్టండి.